దొరలు కొండకు పోయే కాలం: రాయలసీమ మిషనరీలు, కొడైకెనాల్ వేసవి కాటేజీలు – తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, జమ్మలమడుగు, గుత్తి వైపు పాత క్రైస్తవ కుటుంబాల్లో పెద్దవాళ్ళ నోట ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: "ఎండలు ముదిరితే దొరలు కొండకు పోయేవాళ్ళు." ఏ కొండ, ఎందుకు, ఎన్నాళ్ళు, వాళ్ళు అక్కడుంటే ఇక్కడ గుడి తలుపు ఎవరు తీసేవాళ్ళు అని పిల్లలు అడిగితే మాత్రం సగం సగం జవాబులే వస్తాయి. సంఘ చరిత్ర రాసుకునేవాళ్ళు, శతజయంతి సావనీర్ల కోసం వివరాలు వెతికేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాదు.

కొండ అంటే ఏ కొండ?

ఒక్కటే కాదు. అమెరికన్ మిషనరీలకు ప్రధానంగా కొడైకెనాల్. బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా నీలగిరుల వైపు, అంటే ఊటీ, కూనూరు, కోటగిరి. అంత దూరం పోలేనివాళ్ళకు బెంగళూరు. ఉత్తర హిందూస్థానంలో పనిచేసేవాళ్ళకు ముస్సోరీ పక్కన లాండోర్ ఉండేది. వీటిలో మిషనరీలే మొదలుపెట్టి, మిషనరీలే పెంచిన ఊరు కొడైకెనాల్. అందుకే ఈ పేజీలో ఎక్కువ భాగం దాని గురించే.

మన జిల్లాల్లో ఏయే మిషన్లు ఉండేవి?

కడపలో లండన్ మిషన్ 1822లోనే అడుగుపెట్టింది. తర్వాత గుత్తి, అనంతపురం, జమ్మలమడుగు దాకా విస్తరించింది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి వాళ్ళదే. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) మిషన్ పనిచేసింది. కర్నూలు పట్టణం అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ చేతిలో ఉండేది. కోల్స్ పేరుతో ఉన్న బడి, గుడి ఆ మిషన్ గుర్తులే. మీ తాతగారు ఏ మిషన్‌లో ఉండేవారో తెలిస్తే ఆ దొరలు ఏ కొండకు పోయి ఉంటారో సగం ఊహించవచ్చు.

అసలు కొండ మీద ఇళ్ళు కట్టుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? ఎండకు తట్టుకోలేకేనా?

ఎండ ఒక్కటే అయితే అంత ఖర్చు పెట్టేవాళ్ళు కాదు. చావు భయం అసలు కారణం.

జాఫ్నాలో అప్పటికే పాతుకుపోయిన అమెరికన్ మిషన్, 1834లో మదురైలో కొత్త కేంద్రం తెరిచింది. మొదటి పదేళ్ళలోనే మిషనరీలు, వాళ్ళ భార్యలు, చిన్నపిల్లలు ఒకరి తర్వాత ఒకరు కలరాతోనో జ్వరంతోనో పోయారు. మలేరియా దోమ వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూసింది 1897లో. అంతకుముందు అందరూ చెడు గాలి వల్లే జ్వరం వస్తుందని నమ్మేవాళ్ళు. చెడు గాలి పల్లంలో ఉంటుంది కాబట్టి ఎత్తుకు పోవాలన్నది వైద్యం. కారణం తప్పే గానీ, మందు పనిచేసింది. ఏడు వేల అడుగుల ఎత్తులో మలేరియా దోమకు బతుకు కష్టం.

ఇక ఎండ సంగతి. మే నెలలో కర్నూలులో 40 డిగ్రీలు దాటడం మనకు వార్త కాదు. తుంగభద్ర ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకునే రోజులవి. బంగళా వరండాకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లించేవాళ్ళు, గదిలో పంకా లాగడానికి ఒక మనిషి. బండపరుపు ఇల్లయితే పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. మనవాళ్ళు మిద్దె మీదికి పోయి పడుకునేవాళ్ళు. బోస్టన్ నుంచో లండన్ నుంచో వచ్చి, ఉలెన్ బట్టలు వదలడానికే ఏడాది పట్టిన మనిషి పరిస్థితి ఊహించుకోండి.

దగ్గర్లో హార్స్‌లీ హిల్స్ ఉంది, నల్లమల ఉంది. అంత దూరం ఎందుకు?

మంచి ప్రశ్న. కర్నూలు కుర్రాళ్ళు తప్పకుండా అడుగుతారు.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల దాకా చల్లబడుతుంది. కర్నూలు సముద్రమట్టానికి 300 మీటర్ల లోపే. కొడైకెనాల్ 2,100 మీటర్ల పైన. అంటే దాదాపు 12 డిగ్రీల తేడా. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు, అక్కడ తేడా ఆరేడు డిగ్రీలకు మించదు. అదీ కాక అది కలెక్టరు చోటు. అప్పట్లో మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. కడప కలెక్టరు హార్స్‌లీ 1860ల్లో ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి బంగళా కట్టుకున్నాడు, కొండకు ఆయన పేరే మిగిలింది.

నల్లమల సంగతి వేరు. మూడు వేల అడుగులు దాటే చోట్లు అక్కడ కొన్నే. పైగా అడవి జ్వరానికి పేరు మోసిన కొండలు. ఆ ఎత్తులో ఇల్లు కట్టుకోవడమంటే జ్వరాన్ని ఎదురెళ్ళి పిలుచుకోవడమే. మదురై మిషన్ వాళ్ళకు ఈ విషయం అనుభవంతో తెలిసింది: కొడైకంటే ముందు దిండుక్కల్ పక్కన, తక్కువ ఎత్తులో ఉన్న సిరుమలై కొండల్లో ప్రయత్నించి, అక్కడా జ్వరం వదలకపోయేసరికి ఇంకా పైకి చూశారు.

కొడైకెనాల్‌లో మొదటి ఇళ్ళు ఎప్పుడు కట్టారు?

1845లో. సన్నీసైడ్, షెల్టన్ అని రెండు ఇళ్ళు, నెబో అని వాళ్ళు పేరు పెట్టుకున్న గుట్ట కింద. కొడై ఉన్న పళని కొండలను లెఫ్టినెంట్ వార్డ్ అనే సర్వే అధికారి 1821లోనే కొలిచి రాసి పెట్టాడు. కొందరు ఇంగ్లీషు అధికారులు అప్పుడప్పుడు ఎక్కి వచ్చేవాళ్ళు. కానీ కుటుంబాలతో వచ్చి నిలదొక్కుకున్నది మాత్రం మదురై మిషన్ వాళ్ళే. ఊటీ, సిమ్లాలను దొరతనం పెంచితే ఈ ఊరిని పాదిరీలు పెంచారు. ఈ తేడా ఊరి తీరులోనే కనిపిస్తుంది.

ఇప్పుడు అందరూ పడవలెక్కే చెరువు 1863లో వచ్చింది. మదురై కలెక్టరుగా చేసిన సర్ వియర్ లెవింజ్ వాగుకు కట్ట వేయించి ఆ చెరువు చేయించాడు. కోకర్స్ వాక్ అని లోయ అంచున ఉన్న నడకదారి 1872 నాటిది. చెరువు వచ్చాకే కొడై ఒక 'సీజన్' ఊరిగా మారింది.

వాళ్ళు వచ్చేదాకా అక్కడ మనుషులే లేరా?

ఎందుకు లేరు? పళియర్లు అనే ఆదివాసులు ఎప్పటి నుంచో ఆ అడవుల్లో ఉన్నారు. కున్నువర్లు అనే రైతులు కొండ వాలుల్లో ఊళ్ళు కట్టుకుని సేద్యం చేసేవాళ్ళు. కొడై పక్కనే ఉన్న విల్‌పట్టి అలాంటి పాత ఊరే. "నిర్జనమైన అడవిలో మిషనరీలు ఊరు కట్టారు" అని కొన్ని సావనీర్లలో రాస్తుంటారు. ఆ వాక్యం కాపీ కొట్టకండి.

రాయలసీమ నుంచి అక్కడికి ఎలా చేరేవాళ్ళు?

ఈ ప్రయాణం గురించి వింటే ఇప్పటి మన ట్రాఫిక్ జామ్‌లు ఒక లెక్కే కాదు.

మద్రాసు నుంచి బొంబాయి వైపు పోయే రైలు మార్గం 1871కల్లా పూర్తయింది. కడప, గుత్తి ఆ లైను మీదే ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్ళకు కొంత నయం. కర్నూలు వాళ్ళు మాత్రం ముందు బండి కట్టించుకుని రైలు స్టేషను దాకా రావాలి. ఈస్టరు అయ్యాక సామాను సర్దడం మొదలు. రేకు పెట్టెలు, చుట్టిన పరుపులు, పిల్లల పాలకు గిన్నెలు, కిరోసిన్ దీపాలు, రెండు నెలలకు సరిపడా మందులు, పెద్ద కుటుంబమైతే వంటవాడు, ఆయా కూడా. మద్రాసు చేరి, అక్కడ బండి మారి, మీటరు గేజి రైల్లో దక్షిణానికి. మదురైకి కాస్త ముందు అమ్మయనాయకనూరు అనే స్టేషనులో దిగాలి. దాన్నే ఇప్పుడు కొడైకెనాల్ రోడ్ అంటున్నారు. పేరు చూసి ఊరు పక్కనే అనుకుని దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి నుంచి కొండ మీది ఊరు 80 కిలోమీటర్లు.

స్టేషను దగ్గర ఎద్దుల బండి ఎక్కితే రాత్రంతా ప్రయాణం. తెల్లవారేసరికి కొండ అడుగున తోపు దగ్గర దిగేవాళ్ళు. అసలు కష్టం అక్కడి నుంచి మొదలు. పన్నెండు మైళ్ళ సన్నటి కొండదారి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు నడిచేవాళ్ళు, కొందరు గుర్రం మీద. ఆడవాళ్ళు, పిల్లలు, జబ్బు మనుషులు కుర్చీల్లో. అంటే రెండు బొంగులకు కట్టిన కుర్చీని కూలీలు భుజాల మీద మోసుకుంటూ ఏడు వేల అడుగుల ఎత్తుకు ఎక్కడం. వంతులవారీగా భుజం మార్చుకునేవాళ్ళు. వెనక ఇంకో వరుస కూలీల నెత్తిన పెట్టెలు, కొన్నిసార్లు పియానో కూడా.

ఈ కూలీల పేర్లు ఏ రికార్డులోనూ కనబడవు. ఎంత కూలి ఇచ్చారో లెక్కలు దొరుకుతాయి గానీ పేర్లు దొరకవు. 1914 ప్రాంతంలో లాస్ ఘాట్ రోడ్డు పడ్డాక మోటారు కార్లు, బస్సులు పైదాకా రాసాగాయి. దాంతో కుర్చీల కాలం ముగిసింది.

వేసవి కాటేజీల అలవాటు అమెరికన్లకు ఎక్కడిది?

వాళ్ళ ఊళ్ళలోనే ఉంది. 19వ శతాబ్దంలో అమెరికాలో మెథడిస్టులు వేసవిలో తోటల్లో గుడారాలు వేసుకుని రోజుల తరబడి ప్రార్థన కూటాలు పెట్టేవాళ్ళు. మసాచుసెట్స్‌లో మార్థాస్ వైన్‌యార్డ్ అనే దీవిలో 1835లో మొదలైన కూటం అలాంటిదే. ఏటేటా వచ్చేవాళ్ళు గుడారం స్థలంలోనే చిన్న చెక్క ఇల్లు కట్టుకున్నారు, చూరు అంచులకు లేసు లాంటి చెక్కడం, రంగురంగుల వరండాలు. 1869లో న్యూజెర్సీ తీరంలో ఓషన్ గ్రోవ్ అనే ఊరు పూర్తిగా ఇలాగే పుట్టింది. 1874లో న్యూయార్క్ రాష్ట్రంలో షటాక్వా సరస్సు ఒడ్డున సండే స్కూలు టీచర్ల శిక్షణతో మొదలైనది ఉపన్యాసాలు, సంగీతం, చదువు కలిసిన పెద్ద వేసవి సంస్థ అయింది.

మన దగ్గరికి వచ్చినవాళ్ళలో చాలామంది ఈ వాతావరణంలో పెరిగినవాళ్ళే. వేసవి, చెరువు, ఇరుగుపొరుగు విశ్వాసులు, పొద్దున బైబిలు, సాయంత్రం పాటలు... కొడైలో వాళ్ళు కట్టుకున్నది ఆసుపత్రి విడిది ఒక్కటే కాదు, వదిలేసి వచ్చిన ఊరు కూడా. ఇది నా అభిప్రాయం. కానీ ఇళ్ళకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు చూడండి, మీకూ అలాగే అనిపిస్తుంది.

కొండ మీద విశ్రాంతేనా, పనేమైనా ఉండేదా?

రెండూ. 1890లో కొడైకెనాల్ మిషనరీ యూనియన్ ఏర్పడింది. బాప్టిస్టులు, లూథరన్లు, కాంగ్రెగేషనలిస్టులు, ఇలా ఊళ్ళో ఒకరి హద్దుల్లోకి ఒకరు పోని మిషన్లు అక్కడ ఒకే పెరట్లో టీ తాగాయి. మే నెలలో సమావేశాలు, ఉపన్యాసాలు, ప్రార్థన కూటాలు. మధ్యాహ్నం టెన్నిస్, చెరువులో పడవలు, కొండల మీద నడకలు.

ఆ టీ మాటలకు ఎంత బరువుందో తర్వాత తెలిసింది. దక్షిణాదిలో సంఘాల ఐక్యత ఉద్యమం మిగతా దేశాల కంటే ముందుకు పోవడానికి ఇలాంటి కలయికలు కూడా దారి వేశాయి. 1908లో లండన్ మిషన్ సంఘాలు, కొన్ని అమెరికన్ సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘంగా మారాయి. 1919లో తరంగంబాడిలో ఆంగ్లికన్లతో కలయికకు ప్రకటన వచ్చింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పుట్టింది. కడప, గుత్తి, అనంతపురం లండన్ మిషన్ సంఘాలు ఆ దారిలోనే సి.ఎస్.ఐ. రాయలసీమ డయాసిస్‌లోకి వచ్చాయి. దాని కేంద్రం కడప. నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది 1947లో కలవలేదు, తర్వాత చేరారు. కర్నూలు బాప్టిస్టులు ఎప్పుడూ చేరలేదు. ఒకే జిల్లాలో గుడులు ఇన్ని పేర్లతో ఎందుకున్నాయని అడిగేవాళ్ళకు ఇదే జవాబు.

వాళ్ళ పిల్లల చదువు?

1901లో హైక్లర్క్ అనే పాత హోటలు ఇంట్లో మిషనరీల పిల్లల కోసం బడి మొదలైంది. ఇప్పటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలు అదే. అంతకుముందు పిల్లలకు ఆరేడేళ్ళు రాగానే అమెరికాకో ఇంగ్లండుకో ఓడెక్కించేవాళ్ళు, తల్లి మళ్ళీ బిడ్డ మొహం చూసేసరికి ఏళ్ళు పట్టేది. బడి వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది. అక్కడ పెద్ద సెలవులు వేసవిలో ఉండేవి కావు, అక్టోబరు చివర నుంచి జనవరి దాకా ఉండేవి. వేసవిలో తల్లిదండ్రులే పైకి వచ్చేవాళ్ళు, చలికాలంలో పిల్లలు కిందికి దిగి కర్నూలుకో నెల్లూరుకో ఇంటికి పోయేవాళ్ళు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళకు గుర్తున్న 'క్రిస్మస్‌కు వచ్చే దొర పిల్లలు' ఈ లెక్కన వచ్చినవాళ్ళే.

మన తెలుగువాళ్ళెవరైనా ఆ కాటేజీల్లో ఉన్నారా?

ఉన్నారు, ఎక్కువమంది వంటింటి వైపు. బట్లరు, వంటవాడు, ఆయా, బంట్రోతు. ఆయా పైకి రావడమంటే తన పిల్లలను రెండు నెలలు అత్త దగ్గరో అమ్మమ్మ దగ్గరో వదలడమే. చలికి అలవాటు లేని ఒంటికి దొరసాని ఇచ్చిన పాత స్వెట్టరు, కంబళి. కొన్ని కుటుంబాల్లో కేకులు చేయడం, జామ్ పెట్టడం, బేరిపండ్ల రుచి ఇలాగే వచ్చాయి.

పాస్టర్లకు, టీచర్లకు అతిథులుగా పిలుపు రావడం చాలా ఆలస్యంగా మొదలైంది. ఇరవయ్యో శతాబ్దంలో సమావేశాలకు కొందరు భారతీయ నాయకులు వెళ్ళారు. కానీ కాటేజీ, మంచం, బల్ల దగ్గర కుర్చీ అందరికీ సమానంగా దొరికిన కాలం కాదది.

దొరలు కొండ మీద ఉంటే ఇక్కడ పని ఎవరు నడిపేవాళ్ళు?

ఈ పేజీ మొత్తంలో నేను ముఖ్యమనుకునే ప్రశ్న ఇదే. సావనీర్లలో దీనికి ఒక్క పేరా కూడా దొరకదు.

మిషనరీ గుడారాలు వేసుకుని పల్లెలు తిరిగేది చలికాలంలో, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్, మే మన పల్లెల్లో ఎలా ఉంటాయో మీకు తెలుసు. జొన్నలు, శనగలు ఇంటికి చేరి ఉంటాయి, పొలం పని ఉండదు. పెళ్ళిళ్ళన్నీ అప్పుడే. జాతరలూ అప్పుడే. నీళ్ళు అడుగంటి కలరా వచ్చేదీ, పని లేక వలస పోయేదీ అప్పుడే. అంటే సంఘానికి మనిషి అవసరం ఎక్కువగా ఉన్న రెండు నెలల్లో బంగళాకు తాళం.

ఆ రెండు నెలలు గుడిలో పెళ్ళి ప్రకటింపు చెప్పి పెళ్ళి చేసింది, సమాధి దగ్గర ప్రార్థన చేసింది, బడి పిల్లల హాజరు వేసింది, తగాదా వస్తే మధ్యలో కూర్చుంది పల్లె పాస్టరు, ఉపదేశి (పల్లె సంఘంలో బోధించే తెలుగు సేవకుడు), ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చెప్పే బైబిల్ స్త్రీ. ఆమె చేతిలో సంచి, సంచిలో సువార్త పుస్తకాలు, కాళ్ళకు చెప్పులుంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. జీతం నెలకు కొన్ని రూపాయలు. దొర తిరిగి వచ్చి రిపోర్టు రాసేటప్పుడు "మేము లేనప్పుడు పని చక్కగా సాగింది" అని ఒక వాక్యం. ఆ వాక్యం వెనక ఎవరున్నారో మనం వెతకాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. తెలుగు బాప్టిస్టుల్లో పెద్ద కదలిక ఎలా మొదలైందో చూడండి. ఒంగోలు వైపు యర్రగుంట్ల పేరయ్య అనే తోలుపని చేసే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి చెప్పింది ఆయన, ఆయన భార్య, ఆయన చుట్టాలు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే దాని వెనక పన్నెండేళ్ళ పాదయాత్రలున్నాయి. ఎండలో కూడా ఆగని పాదయాత్రలు. రాయలసీమ వైపు కూడా మాల, మాదిగ పల్లెల్లో సంఘం నిలబడింది ఇలాంటి మనుషుల మీదే.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. ఏప్రిల్, మే వచ్చిందంటే వీబీఎస్ (పిల్లల వేసవి బైబిలు బడి), యూత్ రిట్రీట్, పెళ్ళిళ్ళు, ఉజ్జీవ కూటాలు. పాస్టరుగారికి ఊపిరాడదు.

పేదల మధ్య సేవకు వచ్చి కొండ మీద బంగళాలేంటని ఎవరూ అడగలేదా?

అడిగారు. కాస్త మర్యాదగా గానీ, గట్టిగానే. తర్వాత దోర్నకల్ బిషప్ అయిన వేదనాయకం అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. సభలో చాలామందికి అది గుచ్చుకుంది. ఆయన కొండ కాటేజీల పేరెత్తలేదు. కానీ ఆ దూరాన్ని కళ్ళారా చూసినవాడే ఆ మాట అనగలడు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. 1876–78 కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. అలాంటి ఏళ్ళలో సెలవు వదులుకుని గంజి కేంద్రాల దగ్గర నిలబడినవాళ్ళూ మిషనరీల్లో ఉన్నారు. పాత కాంపౌండ్ల సమాధుల తోటల్లో రెండేళ్ళు, మూడు నెలలు అని వయసు చెక్కిన చిన్న రాళ్ళు చూసినవాళ్ళెవరూ కొండను వట్టి విలాసం అనలేరు. నాకు అభ్యంతరం వాళ్ళు కొండకు పోవడం మీద లేదు. ఆ చల్లగాలి హక్కు జీతం పట్టీలో ఒక రంగు వాళ్ళకే రాసి ఉండడం మీదే.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ కాటేజీలు ఏమయ్యాయి?

మిషనరీల సంఖ్య ఏటేటా తగ్గింది. ఆస్తులు కొన్ని భారతీయ సంఘాల ట్రస్టులకు వచ్చాయి, కొన్ని రిట్రీట్ సెంటర్లూ గెస్ట్ హౌస్‌లూ అయ్యాయి, కొన్ని అమ్ముడుపోయాయి. ఫలానా ఇల్లు 'మన మిషన్‌దే' అని ఎవరైనా వాట్సాప్‌లో పత్రం పంపితే, దస్తావేజు చూడకుండా నమ్మకండి, డబ్బు అసలే కట్టకండి. మిషన్ ఆస్తుల పేరుతో తగాదాలు, మోసాలు మన జిల్లాల్లోనే బోలెడు.

మిగతా మతాల్లో ఇలాంటి వేసవి విడిది ఉందా?

మన పీఠాల సంప్రదాయంలో ఒకచోట ఆగే కాలం వేసవి కాదు, వాన. అదే చాతుర్మాస్యం. మంత్రాలయం మఠంలో ఇప్పటికీ స్వాములు పాటిస్తారు. కొండకు వేసవి ప్రయాణం తర్వాత వచ్చిన పద్ధతి. పుట్టపర్తి సత్యసాయి బాబా వేసవిలో బెంగళూరు పక్కన వైట్‌ఫీల్డ్ బృందావనంలో, కొడైకెనాల్‌లో గడిపేవారు. 1972 నుంచి బృందావనంలో విద్యార్థులకు వేసవి తరగతులు నడిచాయి. మదనపల్లె వైపు దివ్యజ్ఞాన సమాజం, ఆ తర్వాత జిడ్డు కృష్ణమూర్తి రిషివ్యాలీ ఉన్నాయి, కానీ అవి వేసవి విడిదులు కావు, ఏడాది పొడవునా నడిచే బడులు.

ఇప్పుడు కొడై వెళ్తే ఈ చరిత్ర ఏమైనా కనబడుతుందా?

కొంత. చెరువు, కోకర్స్ వాక్, సెవెన్ రోడ్స్ కూడలి దగ్గర ఇంటర్నేషనల్ స్కూలు. శెంబగనూరులో జెస్యూట్ల మ్యూజియం. సౌర వేధశాల కూడా చూడండి. 1909లో ఎవర్షెడ్ సూర్యుని మచ్చల్లో వాయువుల కదలికను కనిపెట్టింది అక్కడే. కారులో వెళ్ళేవాళ్ళు ముందుగా ఈ-పాస్ తీసుకోవాలి, 2024 మే నుంచి తప్పనిసరి చేశారు. వేసవి వారాంతాల్లో వెళ్తే చరిత్ర కంటే ఎక్కువగా ముందు బండి బంపరే చూస్తారు. ఆగస్టులో పొండి.

మా తాతగారు మిషన్‌లో పనిచేశారు. పేరు ఎక్కడైనా దొరుకుతుందా?

ముందు మీ సంఘం రిజిస్టర్లు: బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు. ఏప్రిల్, మే పేజీలు ప్రత్యేకంగా చూడండి, సంతకం చేసింది తెలుగు పాస్టరే అయి ఉండే అవకాశం ఎక్కువ. తర్వాత బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్. లండన్ మిషన్ ఉత్తరాలు, రిపోర్టులు లండన్‌లో సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. ఎస్.పి.జి. కాగితాలు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో. అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో ఆ సంఘ చారిత్రక సొసైటీ దగ్గర. మదురై మిషన్ కాగితాలు హార్వర్డ్ హౌటన్ లైబ్రరీలో. చాలావాటి జాబితాలు నెట్‌లో వెతకవచ్చు.

పేరుతో వెతికేటప్పుడు స్పెల్లింగులు నాలుగైదు రకాలుగా వేసి చూడండి. పేరయ్య అనే పేరునే వాళ్ళు రకరకాలుగా రాశారు. ఇంటిపేరు రాయడం అరుదు, ఊరిపేరు పట్టుకుంటే త్వరగా దొరుకుతుంది.

ఇంట్లో పాత ఫోటో ఉంది. వెనకాల కొండ, ముందు దొర కుటుంబం, పక్కన మా జేజి. ఏం చేయాలి?

ఫ్రేమ్ విప్పకండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా మంచి ఫోన్‌తో ముందూ వెనకా ఫోటో తీసుకోండి. వెనక స్టూడియో ముద్ర ఉంటే అది ఊరిని చెబుతుంది. జేజి పేరు, ఊరు, తెలిసిన సంవత్సరం ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి ఫోటోతో పాటు పెట్టండి. ఫోటో మీద బాల్ పెన్నుతో మాత్రం రాయొద్దు, సిరా ఇవతలికి దిగుతుంది. దొర పేరు తెలియకపోయినా పర్వాలేదు. ఆయన పేరు ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది.